టోనీ తలెత్తాక ఏమైందో రాయాలంటే

తమ్ముడికి,

నీ చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. అమెరికన్ టీవీ సీరియల్ ‘ద సోప్రానోస్’ ఆఖరి ఎపిసోడ్ 2007 జూన్ 10న వచ్చింది. ఇన్నేళ్ళయినా దాని నాయకుడు, న్యూజెర్సీ మాఫియా పెద్ద టోనీ చచ్చాడా బతికాడా అన్న తగువు తెగలేదు. నువ్వు కూడా అందులోకి దిగడం నాకు సంతోషమే. కానీ నీ వ్యాసం మొదటి వాక్యంలోనే హంతకుణ్ణి పట్టుకుని బయల్దేరింది. అక్కడే దారి తప్పింది.

ఇక్కడున్నవి రెండు ప్రశ్నలు. టోనీ చచ్చాడా? చస్తే చంపిందెవరు? మొదటిదానికి తెర మీద బోలెడంత ఆధారం ఉంది. రెండోదానికి దాదాపు ఏమీ లేదు. రెండూ కలిపి రాస్తే రెండోదాని బలహీనత మొదటిదాన్ని కూడా ముంచేస్తుంది.

టోనీ హోటల్లో కూర్చుని పెళ్ళాం పిల్లల కోసం ఎదురుచూస్తుంటాడే, ముందు ఆ ఆఖరి సన్నివేశాన్ని కాగితం మీదికి దించు. ఐదు నిమిషాల లోపే ఉంటుంది. ఒకసారి సౌండ్ తీసేసి చూడు. ఒకసారి కళ్ళు మూసుకుని విను. మూడోసారి షాట్ షాట్‌కీ ఆపి నాలుగు గళ్ళలో రాసుకో: ఎన్నో సెకను, ఏం కనిపిస్తోంది, ఎవరి కంటితో చూస్తున్నాం, ఏం వినిపిస్తోంది. మూడో గడిని అందరూ వదిలేస్తారు. అసలు విషయమంతా ఉన్నది అందులోనే.

హోటల్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా గంట మోగుతుంది. టోనీ తలెత్తుతాడు. తర్వాతి షాట్‌లో తలుపు దగ్గర ఎవరున్నారో అతని కంటితో మనం చూస్తాం. గంట, మొహం, చూపు. ఈ వరస మనకి అలవాటు చేస్తారు. ఆఖర్న బయట కూతురు మెడో కారు ఒక పట్టాన పార్క్ కాక, ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి, పరుగున వస్తుంది. గంట మోగుతుంది. టోనీ తలెత్తుతాడు. అతని చూపు రావలసిన చోట నలుపు వస్తుంది. హోటల్లో మోగుతున్న పాట కూడా చరణం మధ్యలోనే తెగిపోతుంది. సుమారు పది సెకన్ల నలుపు, ఆపైన సంగీతం లేకుండా పేర్లు. టోనీ కన్నూ చెవీ ఒక్కసారే ఆగిపోయాయి అనేవాళ్ళ వాదనంతా ఈ మూడో మెట్టు మీదే నిలబడింది. అయితే ప్రతిసారీ ఈ వరస అచ్చు గుద్దినట్టు ఉండదు. ఎక్కడ తప్పిందో అదీ రాయి. నువ్వు రాయకపోతే చదివేవాడు పట్టుకుంటాడు.

ఆ తర్వాతే పాత ఎపిసోడ్లు తవ్వాలి. పడవలో టోనీ బావమరిది బాబీ అంటాడు కదా, అది (చావు) జరిగినప్పుడు బహుశా వినపడను కూడా వినపడదు అని. ఆఖరి ఎపిసోడ్‌కి ముందుదాంట్లో టోనీ తుపాకి పట్టుకుని మంచమ్మీద పడుకున్నప్పుడు ఆ మాటని మళ్ళీ గుర్తు చేస్తారు. ఒకసారి అన్నది యాదృచ్ఛికం కావచ్చు, వారం ముందు పనిగట్టుకుని గుర్తు చేసింది కాదు. టోనీ అనుచరుడు సిల్వియో పక్కన కూర్చున్న మనిషిని రెస్టారెంట్‌లో కాల్చినప్పుడు కూడా మొహం మీద రక్తం ముందు పడుతుంది, సంగతి తర్వాత తెలుస్తుంది. ఈ రెండూ చాలు. నువ్వు పోగేసిన తొమ్మిది పోలికల్లో మిగిలినవి తీసెయ్యి. ‘గాడ్‌ఫాదర్’ సినిమాలో లాగా నారింజ పండు కనిపించిన ప్రతిచోటా చావు వెతికితే ఈ రెండింటి విలువా పోతుంది.

ఇక హోటల్లో ‘మెంబర్స్ ఓన్లీ’ అనే బ్రాండు జాకెట్ వేసుకున్న మనిషి సంగతి. కౌంటర్ దగ్గర కూర్చుంటాడు, టోనీ వైపు చూస్తాడు, లేచి బాత్‌రూమ్‌కి వెళ్తాడు. తెర మీద ఉన్నది ఇంతే. అతను టోనీ శత్రువు, న్యూయార్క్ ముఠా నాయకుడు ఫిల్ లియోటార్డో మేనల్లుడని, అక్కడున్న మిగతావాళ్ళు కూడా పాత ఎపిసోడ్లలో కనిపించారని ఆ రోజుల్లో ఒక పుకారు తిరిగింది. అది అబద్ధం. క్రెడిట్స్‌లో అతనికి పేరే లేదు, జాకెట్ పేరే ఉంది. నీ వ్యాసం మూడో పేజీ ఆ పుకారు మీదే నిలబడింది కాబట్టి ఆ పేజీ మొత్తం పోతుంది. పైగా ఫిల్ అప్పటికే చచ్చాడు, న్యూయార్క్ వాళ్ళు రాజీకొచ్చారు. చంపాల్సిన అవసరం ఎవరికుందో చెప్పలేనప్పుడు చెప్పలేనని రాయి.

ఎదుటి పక్షానికీ ఒక పేరా ఇవ్వు. మంచిగా గడిచిన క్షణాల్ని గుర్తుపెట్టుకోవాలని మొదటి సీజన్ చివర టోనీ అన్న మాటని, ఈ టేబుల్ దగ్గర కొడుకు అతనికే తిరిగి అప్పజెప్తాడు. చావు సంగతి పక్కనపెట్టి, ఎప్పుడు ఏమవుతుందోనన్న భయంతోనే ఆ కుటుంబం ఉల్లి రింగులు తింటోంది అనేవాళ్ళకి అది గట్టి ఆధారం.

సృష్టికర్త డేవిడ్ చేజ్ మాటల్ని తేదీ లేకుండా వాడకు. టోనీ చావలేదని ఆయన అన్నట్టు 2014లో ఒక వ్యాసం వచ్చింది, ఆ మాటని అపార్థం చేసుకున్నారని ఆయన తరఫువాళ్ళు వెంటనే ఖండించారు. 2019లో వచ్చిన ఇంటర్వ్యూల పుస్తకంలో ‘చావు సన్నివేశం’ అని ఆయన నోరు జారింది. 2021లో ఒక చిన్న హోటల్ చూసి, టోనీ ఇలాంటిచోటే పోవాలి అనుకున్నానని చెప్పాడు. ఇవన్నీ తెర బయటి సాక్ష్యాలు, వ్యాసం చివర్లో పెట్టు. ముందు పెడితే నీ పరిశీలనకి పనే ఉండదు.

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళతో బ్లూమ్‌ఫీల్డ్‌లో ఆ సన్నివేశం తీసిన హోటల్ హోల్‌స్టెన్స్‌కి వెళ్ళి కొలతలు తీయిస్తానన్నావు. మంచి ఆలోచనే, కానీ షూటింగ్‌లో టోనీవాళ్ళు కూర్చున్న ఆ బూత్‌ని (బల్లా సీట్లూ) 2024లో వేలంలో 82,600 డాలర్లకి అమ్మేశారు. ఇప్పుడున్న బల్లని కొలిచి 2007 నాటి చూపుకోణం తేల్చకు.

ఇక భాష. తెలుగు మనకి ఇక్కడ గొప్ప సాయం చేస్తుంది. ‘చనిపోయాడు’ అన్నది తెర చూపించినప్పుడే వాడు. ఫిల్ చనిపోయాడు, చూశాం. ‘చనిపోయాడట’ అంటే ఎవరో చెప్పారు. ‘చనిపోయినట్టుంది’ అంటే బొమ్మని బట్టి అనిపిస్తోంది. ‘చనిపోయి ఉండాలి’ అంటే లెక్క కట్టి తేల్చావు. ‘చనిపోయి ఉంటాడు’ అంటే ఊహ. నువ్వు రెండో పేరాలో ‘చనిపోయి ఉంటాడు’ అని మొదలుపెట్టి, నాలుగో పేరాకి వచ్చేసరికి ‘టోనీని చంపినవాడు’ అన్నావు. ఆ ఒక్క మాటతో ఊహ నిజమై కూర్చుంది. రుజువు మాత్రం మధ్యలో ఎక్కడా రాలేదు. వ్యాసంలోని క్రియలన్నిటి కిందా గీతలు గీసి, ప్రతిదాని పక్కనా నీ పట్టికలోని సెకను వెయ్యి. సెకను దొరకని క్రియకి ‘ఉంటాడు’ మించి అర్హత లేదు.

రెండో ప్రతి పంపేటప్పుడు ఆ నాలుగు గళ్ళ కాగితాలు కూడా జత చెయ్యి. ముందు అవే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య