పందేల గుర్రాన్ని డ్రెస్సాజ్‌కు తయారుచేయడం: మానసకు ఒక లేఖ

హైదరాబాదు

చిరంజీవి మానసకు,

పెదనాన్న ఆశీస్సులు. మలక్‌పేట పందేల నుంచి విరమించిన గుర్రాన్ని తీసుకున్నావనీ, సహజ అశ్వశిక్షణ పద్ధతిలో తీర్చిదిద్ది దానిని డ్రెస్సాజ్ పోటీలకు (రౌతు సన్నని సంకేతాలతో గుర్రం చేత నిర్ణీత కదలికలు చేయించి మార్కులు పొందే పోటీలకు) దింపాలనుకుంటున్నావనీ చదివి సంతోషించాను. నువ్వు పంపిన వీడియో కూడా చూశాను. 2006లో అమెరికాలో స్టేసీ వెస్ట్‌ఫాల్ జీనూ కళ్లెమూ లేకుండా రైనింగ్ (అమెరికా పశువుల కాపరుల శైలి స్వారీ పోటీ) ఫ్రీస్టైల్ గెలిచిన ఆ ప్రదర్శన ఎవరినైనా కట్టిపడేస్తుంది. అయితే ఆ విభాగం నిబంధనలు అందుకు వీలిచ్చాయి. జంపింగ్‌లో కూడా బిట్ (నోట్లో ఉండే కడ్డీ) లేని, ముక్కు మీద ఒత్తే హాకమోర్ కళ్లెంతో దిగవచ్చు గానీ, అంతర్జాతీయ నిబంధనల ప్రకారం డ్రెస్సాజ్‌లో గుర్రం నోట్లో బిట్ ఉండి తీరాలి. కాబట్టి కళ్లెం తీసేయడం గురించి ఇప్పుడు ఆలోచించవద్దు. ఆ పద్ధతి నుంచి నీకు కావలసింది వేరే ఉంది.

సహజ అశ్వశిక్షణకు ఆద్యులైన టామ్ డోరెన్స్, రే హంట్ వంటివారు అమెరికా పశ్చిమ ప్రాంతపు పశువుల క్షేత్రాలలో పనిచేస్తూ చెప్పినదాని సారం చాలా చిన్నది: గుర్రం నేర్చుకునేది మనం ఒత్తిడి పెట్టినప్పుడు కాదు, దానిని తీసేసినప్పుడు. కాలితో తాకావు, గుర్రం పక్కకు ఒక అడుగు వేసింది. ఆ అడుగు పడుతుండగానే కాలు వదిలితే అది సరైన సమాధానమని దానికి తెలుస్తుంది. రెండు క్షణాలు ఆలస్యమైతే అప్పటికి అది తల ఎగరేసి ఉంటుంది, తల ఎగరేయడమే సమాధానమనుకుంటుంది. తాడు హాల్టర్లు (తలకు తొడిగే పట్టీలు), రంగురంగుల కర్రలు కొనకపోయినా, ఒత్తిడి వదిలే ఈ సమయం కుదిరితే చాలు.

ముందుగా జీను ఎక్కే దగ్గర మొదలుపెట్టు. పందెం గుర్రం నడుస్తూ ఉండగానే జాకీని కాలుపట్టి పైకి లేపుతారు కాబట్టి, మనిషి ఎక్కేంతవరకు నిలబడాలని దానికి ఎవరూ నేర్పి ఉండరు. దానిని మొండితనమని సైసు అంటే నమ్మవద్దు. ఎక్కే మెట్టు పక్కన గుర్రాన్ని నిలిపి నువ్వు మెట్టు మీద నిలబడు. అది ముందుకు కదిలితే పగ్గాన్ని గుంజకుండా, తాడును కొద్దిగా కదిలిస్తూ వెనక్కి అడుగు వేయమని అడుగు. నాలుగు కాళ్లూ ఆగిన క్షణంలో తాడు పూర్తిగా వదులు చేసి మెడ మొదట్లో, జూలు దిగువన చేత్తో గట్టిగా రుద్దు. ఆ రోజుకు ఎక్కకుండానే దానిని శాలకు పంపినా నష్టం లేదు.

ఇక అసలు చిక్కు పగ్గాల దగ్గర వస్తుంది. నువ్వు చూస్తున్న పాఠాలన్నింటిలో పగ్గాలు వేలాడుతుంటాయి. డ్రెస్సాజ్ న్యాయనిర్ణేత మాత్రం గుర్రం నోటికీ నీ చేతికీ మధ్య నిలకడైన సంబంధం ఉండాలని కోరతాడు. వదులు పగ్గానికే అలవాటుపడిన గుర్రం బిట్ తగలగానే గడ్డాన్ని ఛాతీ వైపు ముడుచుకుని తప్పించుకుంటుంది, చూసేవారికి అది విధేయతలా కనిపించినా మార్కులు పడవు. నీ గుర్రానిదేమో దీనికి తలకిందులైన అలవాటు: పందెంలో పగ్గం బిగిస్తే దాని మీద ఆనుకుని ఇంకా పరుగెత్తమనే అది నేర్చుకుంది. కాబట్టి లాగితే ఆగదు. నడకలోనే మొదలుపెట్టి, వేళ్లను తడిగుడ్డను పిండినంత మెల్లగా మూసి, దవడ మెత్తబడగానే పగ్గాన్ని జారనివ్వకుండా వేళ్లను మాత్రమే తెరువు. సంబంధం తెగదు, ఒత్తిడి పోతుంది. ఇది నడకలో నిలకడగా వచ్చేవరకు ట్రాట్‌కు (నడక తరువాతి వేగానికి) వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను.

నేల మీద నేర్పినవన్నీ జీను మీదికి వస్తాయి. వెనుక కాళ్లను పక్కకు తప్పించమని తాడు చేతపట్టి అడిగినదే తరువాత ముందరి కాళ్లపై తిరగడం, ఆపై లెగ్ యీల్డ్ (కాలి ఒత్తిడికి ముందుకూ పక్కకూ కలిపి నడవడం) అవుతుంది. వెనక్కి నడిపించడం రైన్‌బ్యాక్ అవుతుంది. ఒక్కటి మాత్రం రాదు: నాలుకతో చప్పుడు చేయడం, గొంతుతో పిలవడం. ఇంట్లో వాటిని వాడుకో, కానీ డ్రెస్సాజ్ పరీక్షలో గొంతు వినిపిస్తే మార్కులు కోస్తారు కనుక పోటీకి చాలా ముందే ఆ సంకేతాలను కాలికీ నడుముకూ బదిలీ చెయ్యి.

గుండ్రని కంచెలో గుర్రాన్ని తరిమి, అది అలసి నీ దగ్గరకు వచ్చాక స్నేహం కుదిరిందని చెప్పే పద్ధతి నాకు నచ్చదు. పారిపోయే జంతువును పారిపోయేలా చేయడం కూడా ఒత్తిడే. అది పెదవులు నాకుతూ దవడ ఆడిస్తే లొంగిపోయిందని కాక, ఉద్రిక్తత సడలుతోందేమోనని చూడు. టోక్యో ఒలింపిక్స్ ఆధునిక పెంటాథ్లాన్‌లో (గుర్రపు స్వారీతో కలిపి ఐదు క్రీడల పోటీలో), పరిచయానికి ఇరవై నిమిషాలే ఇచ్చిన గుర్రం మొరాయించి, రైడరు కొరడాతో కొడుతూ ఏడవడం 2021లో లోకమంతా చూసింది. పారిస్ తరువాత ఆ క్రీడలో గుర్రపు స్వారీనే తీసేశారు. నువ్వు మాత్రం వారాల తరబడి సమయం ఇవ్వగలవు, అది వాడుకో.

పోటీ మైదానాన్ని కూడా ముందుగా ఇంటికి తెచ్చుకో. న్యాయనిర్ణేత గుడిసె, పూలకుండీలు, స్పీకరు చప్పుడు, అన్నింటికంటే తోటి గుర్రాన్ని వదిలి ఒంటరిగా లోపలికి వెళ్లడం దానికి కష్టం. గొడుగు తెరిచి పట్టుకున్న మనిషి దగ్గరకు నడిపించి, భయం మొదలైన చోటికి ఒక అడుగు ముందే ఆగి, అది ఊపిరి వదిలాక వెనక్కి తిప్పు. రోజురోజుకూ ఆ గీత తనంతట తానే గొడుగు వైపు జరుగుతుంది. గంట మోగాక లోపలికి వెళ్లడానికి నలభై ఐదు సెకన్లు ఉంటాయి. తొందరపడకుండా వాటిలో కొన్నింటిని నిలబడడానికి వాడుకో.

నోస్‌బ్యాండ్ (ముక్కు చుట్టూ కట్టే పట్టీ) బిగించవద్దు. అది ఎంత వదులుగా ఉండాలో కొలిచే సాధనాన్ని అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య 2025లో ప్రవేశపెట్టింది, కానీ ఆ భయంతో కాకుండా, బిగించిన నోరు నీకు సమాధానం చెప్పలేదు కనుక వదులుగా ఉంచు.

వీటన్నింటికంటే ముందు పశువైద్యుడిని పిలిపించు. పందేల గుర్రాలలో కడుపు పుండ్లు సాధారణం. గర్త్ (పొట్ట కింద జీనును కట్టే పట్టీ) బిగించేటప్పుడు అది చెవులు వెనక్కి వాల్చి కొరకబోతోందని రాశావు కదా, అది శిక్షణతో పోయే విషయం కాకపోవచ్చు. దంతాలు, వీపు, జీను అమరిక కూడా చూపించు. ఆయన ఏమన్నారో రాస్తే, క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన దౌడు) మొదలుపెట్టడం గురించి తరువాతి ఉత్తరంలో రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న