మదురై వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నాన్నమ్మనీ, పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని నువ్వొక్కదానివే మదురై బయల్దేరుతున్నావని వదిన చెప్పింది. మా పిల్లకి ఎంత ధైర్యం అనుకున్నాను. ఆ వెంటనే గుండె గుబేలుమంది.

ఏప్రిల్-మే నెలల్లో వచ్చే చిత్తిరై ఉత్సవాలకి వద్దు, ఆ జనంలో మా అమ్మ, అదే మీ నాన్నమ్మ, నలిగిపోతుంది. డిసెంబరు, జనవరిల్లో అయ్యప్ప మాలధారులతో ఊరు కిక్కిరిసి ఉంటుంది. ఫిబ్రవరి పెట్టుకో. స్టేషన్ నుంచి మీనాక్షమ్మ గుడి కిలోమీటరే కాబట్టి రూము గుడి చుట్టూ ఉండే మాసి వీధుల లోపలే చూసుకో. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసిన గుడి మళ్లీ నాలుగింటికి గానీ తీయరు. పొద్దున్నే వెళ్లండి.

ఇక అసలు సంగతి. 2018లో గుడిలో మంటలు రేగాక లోపలికి ఫోన్లు రానివ్వడం లేదు. "ఫోనుందిగా అత్తా" అనకు, ఉండదు. పెద్ద గోపురాలు నాలుగు దిక్కులా నాలుగున్నాయి, కొత్తవాళ్లకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మండపాల్లో నాలుగు మలుపులు తిరిగేసరికి ఎటు నుంచి వచ్చామో తెలీదు. తూర్పున చెప్పులూ ఫోనూ పెట్టి దక్షిణాన తేలినవాళ్లు ఎండలో ఒట్టి కాళ్లతో గుడి గోడ చుట్టూ ఉన్న చిత్తిరై వీధి చుట్టి రావాల్సిందే. తప్పిపోతే ఇంకా కష్టం. "గోపురం దగ్గర కలుద్దాం" అంటే ఏ గోపురం?

అందుకని చెప్పులు రూములోనే వదిలెయ్, అమ్మకి మేజోళ్లు సంచిలో పెట్టు. ఫోను అప్పగిస్తే ఇచ్చే టోకెను నీ దగ్గరే ఉండాలి, ఏ గోపురమో దాని వెనకే రాసుకో. హోటలు కార్డు, నీ నంబరుతో సహా, పిల్లల జేబుల్లోనూ అమ్మ కొంగుకీ. తప్పిపోతే అందరూ వచ్చి చేరాల్సింది ముక్కురుణి వినాయకుడి దగ్గరికి. అమ్మవారి సన్నిధి నుంచి స్వామి సన్నిధికి వెళ్లే దారిలో ఉంటాడు, అంత పెద్ద విగ్రహం పిల్లలకైనా గుర్తుంటుంది. లోపలికి వెళ్లగానే ముందు ఆయన్ని చూపించు.

అక్కడ మీనాక్షమ్మ దర్శనమే మొదట, తర్వాతే సుందరేశ్వరుడు. కాళ్లు నొప్పని అమ్మ చచ్చినా చెప్పదు. బంగారు తామర కోనేటి దగ్గర నువ్వే అలిసినట్టు కూలబడు, తనూ కూర్చుంటుంది. మధ్యాహ్నం పడుకోనిస్తే రాత్రి తొమ్మిది ప్రాంతంలో స్వామిని పల్లకిలో అమ్మవారి దగ్గరికి తీసుకెళ్లే పళ్లియరై సేవ చూడగలదు. అది మాత్రం చూపించు తల్లీ.

మర్నాడు, ఒకప్పుడు మదురైని ఏలిన తిరుమల నాయకుడి మహలు. 1636 నాటిది, ఆ నాయకులు తెలుగు మూలాలవాళ్లేనని పిల్లలకి చెప్పు. జిగర్తండా అని అక్కడి చల్లటి తియ్యటి పాల పానీయం, పిల్లలకి ఒక్కో గ్లాసు. అమ్మకి షుగరు, ఎంత బతిమాలినా ఇవ్వకు.

మీ అత్త