తాతగారి పనసలూ, జర్మనీ పండితులూ

ప్రశ్న: మేస్టారూ, మాది అంబాజీపేట దగ్గర ఊరు. మా తాతగారు రోజూ తెల్లవారుజామునే తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి పనసలు (వేదపాఠంలో ముక్కలు) చెప్పుకునేవారు. వినడమే గాని నాకు అర్థం తెలీదు. ఇప్పుడు ఎం.ఏ. ఫిలాసఫీలో చేరితే, చదవమని ఇచ్చినవన్నీ జర్మనీ సంస్కృత పండితులు మాక్స్ ముల్లర్, డాయిసన్ల పుస్తకాలే. ‘తెల్లవాళ్లు రాసినవి ముట్టుకోకు, అంతా వక్రీకరణే’ అంటారు మా మావయ్య. ఏం చెయ్యమంటారు?
– ఒక విద్యార్థిని, కోనసీమ

జవాబు: అమ్మాయీ, మీ మావయ్యగారి కోపంలో కొంత న్యాయం ఉంది. కానీ అందర్నీ ఒకే గాటన కట్టేస్తే నష్టం మనకే. ఎవరు దేన్ని చూసి రాశారో ముందు కనుక్కో.

1657లో మొగలు యువరాజు దారా షికో కాశీ పండితుల సాయంతో యాభై ఉపనిషత్తుల్ని పారశీకంలోకి తెచ్చాడు. ఆంకెటిల్ దుపెరాన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ పారశీకాన్నే లాటిన్‌లోకి మార్చి 1801-02లో అచ్చువేశాడు. మూలమూ భాష్యమూ అందులో కలగలిసిపోయాయి. అయినా జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హవర్ ఆ పుస్తకాన్ని జీవితాంతం వదల్లేదు, బతుక్కీ చావుకీ అదే ఊరట అన్నాడు. రెండు భాషలు దాటి వెళ్లినా ఆ మాటల్లో వేడి తగ్గలేదే! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మాక్స్ ముల్లర్ నేరుగా సంస్కృతం చదివినవాడు. సాయణుడి వ్యాఖ్యానంతో సహా ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 దాకా ఆరు సంపుటాలుగా వేశాడు. ఆ శ్రమకు దణ్ణం పెట్టాల్సిందే. అయితే ఈ దేశంలో అడుగుపెట్టలేదు. ఉదాత్తానుదాత్తాలతో, అంటే స్వరాల హెచ్చుతగ్గులతో, గురుముఖతః వచ్చిన వేదం ఆయనకు కాగితం మీదే అందింది. యజ్ఞవిధులు వివరించే వేదభాగాలైన బ్రాహ్మణాల్ని వట్టి వాగుడు కింద కొట్టిపారేశాడు కూడా. అక్కడ మాత్రం నేను మీ మావయ్యగారి పక్షమే. డాయిసన్ 1897లో అరవై ఉపనిషత్తుల్ని జర్మన్‌లోకి తెచ్చాడు; ఆయన వేదాంతంలో కాంట్ అనే మరో జర్మన్ తత్త్వవేత్త, షోపెన్‌హవర్ తొంగిచూస్తుంటారు, గమనించుకో.

మన గడ్డకే వచ్చి కూర్చున్నవాడూ ఉన్నాడు. డేవిడ్ నైప్ అనే అమెరికా ఆచార్యుడు ఇంట్లో యజ్ఞాగ్నులు నిలుపుకునే కోనసీమ ఆహితాగ్నుల ఇళ్లకు ఏళ్ల తరబడి తిరిగి, వాళ్ల ఇల్లాళ్ల మాటలు కూడా విని, 2015లో పుస్తకం వేశాడు. అదీ చదువు.

ఇక మీ తాతగారి భృగువల్లి. బ్రహ్మమంటే ఏమిటో చెప్పమని భృగువు తండ్రి వరుణుణ్ణి అడుగుతాడు. ఆయన ఒక గుర్తు చెప్పి, తపస్సు చేసి నువ్వే తెలుసుకోమంటాడు. అన్నమే బ్రహ్మమని తేల్చుకుని వస్తాడు కొడుకు. తండ్రి మళ్లీ తపస్సుకే పంపుతాడు. ప్రాణం, మనస్సు, విజ్ఞానం, చివరికి ఆనందం. అంత ఎత్తుకెళ్లాక కూడా ఆ ఉపనిషత్తు అన్నాన్ని విడిచిపెట్టదు. ‘అన్నం న నింద్యాత్’ (అన్నాన్ని నిందించకు) అంటుంది, ‘అన్నం బహు కుర్వీత’ (అన్నాన్ని విస్తారంగా పండించు) అంటుంది. సార్వా, దాళ్వా పండే నేల మీద పుట్టినదానివి, ఈ రెండు మాటలు నీకు ఏ జర్మనీ పండితుడూ విప్పి చెప్పక్కర్లేదు.

భృగువల్లిలో ఉన్నవి పది అనువాకాలే, అంటే చిన్న విభాగాలే. ముందు తెలుగు తాత్పర్యంతో చదువు. తరవాత శంకరభాష్యం. ఆపైన మాక్స్ ముల్లర్ ఉపనిషత్తుల ఇంగ్లీషు అనువాదం 1884 సంపుటంలో అదే భాగం తీసి వరసగా సరిపోల్చు. తేడా వచ్చిన చోటల్లా రాసిపెట్టుకుని మీ మావయ్యగారి ముందు పెట్టు. ఆయన దగ్గర తేలనివి నాకు రాయి.