పల్లె వెలుగు బస్సు మోడ్ చేశాను... కేసు పెడతారా?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర ఊరు. బి.టెక్ మూడో ఏడు చదువుతున్నాను. ఫోన్‌లో ఆడే బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా అనే గేమ్‌కి మన ఆర్టీసీ పల్లె వెలుగు బస్సు మోడ్ (ఆటలో అదనంగా చేర్చుకునే ఫైలు) చేశాను. బోర్డు మీద ‘శ్రీకాకుళం – కళింగపట్నం’ అని రాశాను. బయటి బాడీ మొత్తం బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో నేనే చేశాను. లోపలి సీట్లు, డ్యాష్‌బోర్డు మాత్రం ఒక కంప్యూటర్ గేమ్ మోడ్ నుంచి తీసి కన్వర్ట్ చేశాను. హారన్‌గా సినిమా పాట బిట్ పెట్టాను. మొదట ఉచితంగానే ఇచ్చాను, తర్వాత జిప్ ఫైలు పాస్‌వర్డ్‌కి రూ.49 తీసుకున్నాను. అరవై మందికి పైగా కొన్నారు. లోపలి మోడల్ తనదని ఒక విదేశీయుడు ఫిర్యాదు చేయడంతో అమెరికా సైటువాళ్లు నా ఫైలు తీసేసి మెయిల్ పంపారు. రెండు రోజులకి సైబర్ పోలీసునంటూ ఒకాయన వాట్సాప్ కాల్ చేసి, రూ.30,000 కట్టకపోతే ఎఫ్‌ఐఆర్ వేస్తాం, పాస్‌పోర్టు కూడా రాదన్నాడు. అమ్మ గాజులు తాకట్టు పెడతానంటోంది. ఏం చేయాలి?
– ఒక విద్యార్థి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు మీ అమ్మగారి గాజులు బీరువాలోంచి తీయనివ్వకండి. ఆ ఫోన్ చేసినవాడికి ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. కేసు రాజీకి డబ్బు పంపమని ఏ పోలీసూ వాట్సాప్‌లో అడగడు. నిజంగా కేసు ఉంటే మీకు రాతపూర్వకంగా నోటీసు వస్తుంది. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే, హాజరు కమ్మని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. కాల్ వచ్చిన నంబరు, సమయం, స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. పోలీసునని బుకాయించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 204 కింద, బెదిరించి డబ్బు గుంజడం సెక్షన్ 308 కింద నేరాలు. ఆ కాల్ విషయంలో మీరు బాధితులు, దోషి కాదు.

ఆ కాల్ బూటకమైనా మెయిల్ మాత్రం నిజమైనదే. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

మీరు పంపిన రెండు చిత్రాలూ పెద్దవి చేసి చూశాను. బయటి బస్సు ముచ్చటగా ఉంది. అద్దం మీద నిమ్మకాయ, మిరపకాయల దండ, వెనక నిచ్చెనకి కట్టిన తాడు కూడా వదల్లేదు. లోపలికి వస్తే ప్రతి సీటుకీ బెల్టు ఉంది. మన పల్లె వెలుగులో ప్రయాణికులకు సీటు బెల్టులెక్కడివి? స్టీరింగ్ మధ్యలో ఉన్న గుర్తును బూడిదరంగుతో చెరిపారు, కింది అంచు ఇంకా కనిపిస్తోంది. నన్ను కలవరపెట్టింది ఆ చెరిపిన గుర్తే. కాపీరైట్ చట్టం సెక్షన్ 63లో నేరం రుజువు కావాలంటే ‘తెలిసి’ చేసినట్టు తేలాలి. గుర్తు చెరిపారంటే సొత్తు వేరేవాళ్లదని తెలిసే చేశారని ఎదుటి లాయరు అదే చూపిస్తాడు.

మోడ్ చేయడమే నేరమని భయపడకండి. ఈ గేమ్ కంపెనీ సొంత త్రీడీ బండ్లు పెట్టుకోమని తానే వీలు కల్పించింది. ఆ మేరకు మీ బాడీ తయారీకి అడ్డు లేదు. అన్ని కంపెనీలూ ఇలా ఉండవు. పాత జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) ఆటల కోడ్‌ను విప్పి తిరిగి రాసిన కొందరు ప్రోగ్రామర్ల మీద ఆ ఆటల యజమాని టేక్-టూ సంస్థ 2021లో అమెరికాలో దావా వేసింది. అంతకుముందు 1998లో అక్కడి అప్పీలు కోర్టు ఇంకో సంగతి తేల్చింది. డ్యూక్ న్యూకెమ్ ఆటకి అభిమానులు చేసిన లెవెళ్లను మైక్రో స్టార్ అనే కంపెనీ సీడీలో పోసి అమ్మింది. ఆ ఫైళ్లలో ఆట బొమ్మలేవీ లేకపోయినా, ఆ కథకి కొనసాగింపును అనుమతి లేకుండా అమ్మినట్టేనంది కోర్టు. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు గానీ, వివాదం ఎక్కడ ముదురుతుందో తెలుస్తుంది. అమ్మకం మొదలైన చోటే.

మీ రూ.49 దగ్గరికి అందుకే వస్తున్నాను. సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే, కారణాలు రాసి అంతకన్నా తక్కువ వేసే వెసులుబాటు జడ్జిగారికి చట్టమే ఇచ్చింది. ఉచితంగా ఇచ్చిన కాలానికి మీరు ఆ వెసులుబాటు అడగొచ్చు. డబ్బు తీసుకున్నాక అడగడం కష్టం. పైగా ఇది కాగ్నిజబుల్ (వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) నేరమని 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు సీట్లు తీసిన ఆ కంప్యూటర్ గేమ్ మోడ్‌కి కాపీ కాకుండా డిజిటల్ తాళం వేసి ఉండి, దాన్ని విప్పి తీసి ఉంటే సెక్షన్ 65ఎ కూడా రావచ్చు, దానికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఆయన విదేశీయుడు కదా, మన చట్టం ఆయన్నెందుకు కాపాడుతుందని అడుగుతారేమో. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలవాళ్ల పనికీ ఇక్కడ రక్షణ ఉంది.

ఇంత చెప్పానని నిద్ర మానుకోకండి. ఇలాంటి వాటిలో ఎక్కువభాగం ఫైలు తీసేయడంతోనే సద్దుమణుగుతాయి. ముదిరేది కోపంలో చేసే పనుల వల్లే. ఆ మెయిల్ అడుగున ‘కౌంటర్ నోటీసు’ అని ఒక లింకు ఉంటుంది. దయచేసి నొక్కొద్దు. నొక్కి ఆ నోటీసు పంపితే, మీ ఫైలు పొరపాటున తీసేశారని, అది అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ప్రమాణం చేసినట్టే. అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని పేరు, చిరునామా రాసి సంతకం పెట్టినట్టే. లోపలి మోడల్ మీది కానప్పుడు ఆ ప్రమాణం ఎలా చేస్తారు?

దానికి బదులు, ఆ ఫైలు ఇంకెక్కడెక్కడ పెట్టారో అన్నిచోట్లా తీసేయండి. డబ్బు కట్టడానికి క్యూఆర్ కోడ్ పెట్టి ఉంటే అదీ తొలగించండి. ఫిర్యాదు చేసినాయనకి మూడు వాక్యాల మెయిల్ చాలు: మీ మోడల్ ఉన్న ఫైలు తీసేశాను, పంపిణీ ఆపేశాను, ఇకపై వాడను. తప్పు ఒప్పుకుంటున్నట్టు పేరాలు రాయకండి, వాదనకీ దిగకండి. మీ కంప్యూటర్‌లోని ఫైళ్లు, యూపీఐ లెక్కలు మాత్రం చెరపొద్దు. రేపు ఎంత వచ్చిందో, ఎప్పుడు ఆపారో చూపించాల్సింది వాటితోనే. ఆయన నష్టపరిహారం అడుగుతూ లాయరు నోటీసు పంపితే, సంతకం పెట్టేముందు ఎవరైనా న్యాయవాదికి చూపించండి. ఫీజు కష్టమైతే శ్రీకాకుళం జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

పాట బిట్ కూడా తీసేయండి. అయిదు సెకన్లయితే పరవాలేదు, ‘క్రెడిట్స్ టు ఓనర్’ అని రాస్తే సరిపోతుంది అన్న మాటలు మన చట్టంలో ఎక్కడా లేవు. ఆర్టీసీ గుర్తుతో అమ్మడమూ మంచిది కాదు. అది ట్రేడ్‌మార్కు గొడవ.

మీరు అడగని విషయం ఒకటుంది. మీరు చేసిన బాడీ మీది. రిజిస్ట్రేషన్ లేకపోయినా, గీసిన రోజు నుంచే దాని మీద కాపీరైట్ మీకుంది. దాన్ని ఎవరైనా పేరు మార్చి అమ్ముకుంటే, ఇవాళ మీకొచ్చిన నోటీసే మీరూ పంపొచ్చు. అందుకని బ్లెండర్ ఫైళ్లను తేదీలతో సహా వేరే డిస్కులో భద్రపరచండి.

లోపలి భాగం మళ్లీ చేయడానికి ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొలతలు తీసుకోండి. చిరిగిన రెగ్జిన్, ‘స్త్రీలకు మాత్రమే’ అన్న రాత, డ్రైవరు నెత్తిమీద దేవుడి పటం, అన్నీ అక్కడే ఉన్నాయి. డ్రైవర్ క్యాబిన్ ఫొటోలు కావాలంటే డిపో మేనేజరుగారికి కాలేజీ గుర్తింపు కార్డు చూపించి, ఒక కాగితం మీద అనుమతి రాయించుకోండి.