పాత స్పోర్ట్ బైక్‌కి వేరే కంపెనీ షాక్ వేయిస్తే నేరమా?

ప్రశ్న: నా దగ్గర పాత స్పోర్ట్ బైక్ ఉంది. వచ్చే ఏడాదికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నిండుతుంది. వెనక చక్రం కుదుపులను ఆపే ఒంటి షాక్ అబ్జార్బర్ (మోనోషాక్) నుంచి ఆయిల్ కారుతోంది, చిన్న గుంతలో పడినా బండి వెనక భాగం ఎగిరెగిరి పడుతోంది. ఆ పార్టు ఇప్పుడు రావడం లేదని షోరూమ్ వాళ్లు చెప్పారు. ఆన్‌లైన్‌లో వేరే కంపెనీ అడ్జస్టబుల్ షాక్ ఒకటి చూశాను. ఒరిజినల్ కంటే 10 మిల్లీమీటర్లు పొడవు. షాక్‌ను చక్రం వైపు కలిపే లింకేజ్ దగ్గర బ్రాకెట్‌ను కాస్త గ్రైండింగ్ చేస్తే పట్టేస్తుందని మెకానిక్ అంటున్నాడు. అలా చేస్తే కేసు అవుతుందని, ఇన్సూరెన్స్ కూడా రాదని నా స్నేహితుడు భయపెడుతున్నాడు. రెండు రోజులుగా అదే టెన్షన్. వేయించుకోవచ్చా?

జవాబు: షాక్ మార్చుకోవచ్చు. మార్చుకోవాలి కూడా. అయితే మీరు చూసిన ఆ పొడవాటి షాక్‌ను, మీ మెకానిక్ చెప్పిన పద్ధతిలో మాత్రం వేయించకండి. అదే కొలతల్లో ఉన్నది వెతకండి. ఎందుకో వివరంగా చెబుతాను.

మీ స్నేహితుడు చెబుతున్నది మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 గురించి. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట చెప్పిన వివరాలతో తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని ఆ సెక్షన్ అంటుంది. మార్పు అంటే ఏమిటో కూడా అక్కడే ఉంది. బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారితే అది మార్పు. ఇప్పుడు ఆర్‌సీలో నమోదయ్యే వివరాలు గుర్తుచేసుకోండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, తయారైన నెల, సంవత్సరం, సీసీ, సిలిండర్లు, ఇంధనం, రంగు, సీట్లు, వీల్‌బేస్, ఖాళీ బండి బరువు. వెనక షాక్ ఏ కంపెనీదో, స్ప్రింగ్ ఎంత గట్టిదో అందులో ఉండదు. టైరు, చైన్, బ్రేక్ ప్యాడ్ లాగే షాక్ కూడా అరిగిపోయి మార్చాల్సి వచ్చే భాగమే. అదే పొడవు, అదే బోల్టు రంధ్రాలు, ఫ్రేమ్‌ను గానీ లింకేజ్‌ను గానీ ఎక్కడా తాకకుండా బిగిస్తే అది మరమ్మతు అవుతుంది తప్ప సెక్షన్ 52 చెప్పే మార్పు కాదన్నది నా అభిప్రాయం.

దీనికి అడ్డంగా ఒక తీర్పును చూపిస్తుంటారు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కె. జయచంద్ర కేసులో, తయారీదారు ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌ను మార్చేలా ఏ వాహనాన్నీ మార్చడానికి వీల్లేదని చెప్పింది. ఆ ఒక్క వాక్యం చదివితే బోల్టు మార్చినా నేరమే అనిపిస్తుంది. కానీ కోర్టు అక్కడ మాట్లాడింది ఆర్‌సీలో నమోదు చేయడానికి తయారీదారు ఇచ్చిన వివరాల గురించి. ఆ వివరాలను మార్చకూడదన్న మాట తీర్పులోనే ఉంది. తీర్పును అక్కడి నుంచి చదవాలి. సస్పెన్షన్ పార్టులకు అది ఎంతవరకు వర్తిస్తుందన్న వాదనను రేపు ఎవరైనా లేవనెత్తవచ్చు. అందుకే ఆ వాదనకు తావివ్వని షాక్‌ను ఎంచుకోమంటున్నాను.

అనుమతి లేని మార్పుకు శిక్ష 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4)లో ఉంది. ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి. షాక్ వేయించే రోజునే చాలామంది వెనక మడ్‌గార్డ్ కోసేస్తారు, నంబర్ ప్లేటును సీటు కిందకి తోసేస్తారు, సైలెన్సర్ కూడా మార్పిస్తారు. వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని రూల్ 123 చెబుతుంది. షాక్ దగ్గర ఇబ్బంది లేకపోయినా ఇలాంటి వాటి దగ్గర దొరికిపోతారు. ఆ పనులు పెట్టుకోకండి.

ఇక ఆ 10 మిల్లీమీటర్ల సంగతి. వినడానికి చిన్న సంఖ్యే. కానీ మోనోషాక్ బండిలో షాక్ ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం రెండు మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే షాక్ 10 మిల్లీమీటర్లు పొడవైతే వెనక భాగం 20 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది. ముందు ఫోర్క్ మరింత నిటారు అవుతుంది. హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. వేగంలో బండి నిలకడ తగ్గవచ్చు. సైడ్ స్టాండు పొట్టిదై బండి మరీ ఒరిగిపోతుంది. వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్‌ఆర్మ్ కోణం మారడం వల్ల చైన్ టెన్షన్ కూడా మారుతుంది, కొన్ని బండ్లలో చైన్ స్వింగ్‌ఆర్మ్‌ను రాసుకుంటుంది. రేసింగ్ చేసేవాళ్లు ఇదంతా లెక్క వేసుకుని కావాలనే చేస్తారు. మీకు కావలసింది ఎగిరిపడని వెనక చక్రం. దానికి పొడవు అక్కర్లేదు, మంచి డ్యాంపింగ్ (స్ప్రింగ్ ఊగిసలాటను అణిచే గుణం), మీ బరువుకు తగిన స్ప్రింగ్ చాలు.

బ్రాకెట్ గ్రైండింగ్ ఇంకా ప్రమాదం. వెనక చక్రం మీద పడే బరువంతా ఆ చిన్న లోహపు ముక్క గుండానే ఫ్రేమ్‌కి చేరుతుంది. దాన్ని పలచన చేస్తే ఎప్పుడు పగులుతుందో తెలియదు. చట్టం దృష్టిలో కూడా అక్కడే గీత దాటుతారు. బోల్టు విప్పి బోల్టు బిగించినంతవరకు పార్టు మార్చినట్టు. కోసినా, అరగదీసినా, వెల్డింగ్ పెట్టినా బండి నిర్మాణంలో చెయ్యి పెట్టినట్టు. ఇక్కడ సెక్షన్ 190 కూడా వస్తుంది. ఇతరులకు ప్రమాదం తెచ్చే లోపం బండిలో ఉందని తెలిసి, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండి కూడా రోడ్డు మీదకి తెస్తే 1,500 రూపాయల జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. నిజం చెప్పాలంటే, ఆయిల్ కారే షాక్‌తో మీరు ఇవాళ తిరుగుతున్న బండికే ఈ సెక్షన్ ఎక్కువగా వర్తిస్తుంది. పార్టు వచ్చేదాకా బండి బయటికి తీయకండి.

నన్ను అడిగితే, ఈ విషయంలో అసలు భయపడాల్సింది ట్రాఫిక్ చలానాకి కాదు, ప్రమాదం తర్వాత జరిగే దానికి. ప్రమాదం జరిగితే సెక్షన్ 136 కింద మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండిని తనిఖీ చేస్తారు. ఆ రిపోర్టు చివర సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: ప్రమాదం బండి యాంత్రిక లోపం వల్ల జరగలేదు అని. ఎన్నో కేసులు ఆ ఒక్క వాక్యం మీద నిలబడతాయి. గ్రైండ్ చేసిన బ్రాకెట్, పొడవాటి షాక్ ఆయన కంట పడితే ఆ వాక్యం మారిపోవచ్చు. అప్పుడు అవతలి వాహనం అడ్డదిడ్డంగా వచ్చినా వేలు మీవైపే చూపిస్తారు. కొలతలు సరిపోయిన షాక్ ఉంటే మీకో మంచి వాదన ఉంటుంది. 2020 జనవరిలో మహమ్మద్ సిద్ధిఖీ కేసులో, బండి మీద ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణంతో పరిహారం తగ్గించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికీ, లేదా దెబ్బల తీవ్రతకూ సంబంధం ఉందని చూపించాలి. షాక్ విషయంలోనూ మీ తరఫు లాయరు ఇదే సూత్రం పట్టుకోవచ్చు.

ఇన్సూరెన్స్ విషయానికొస్తే, మీ స్నేహితుడు రెండు వేర్వేరు సంగతులను కలిపేశారు. మీ బండి వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే ఇచ్చే థర్డ్ పార్టీ పరిహారం వేరు. దాన్ని తప్పించుకోవడానికి కంపెనీకి ఉన్న కారణాలను సెక్షన్ 150 లెక్కగట్టి చెప్పింది. లైసెన్సు లేకపోవడం, మద్యం మత్తు, ప్రీమియం అందకపోవడం, ముఖ్యమైన విషయాన్ని దాచి పాలసీ తీసుకోవడం వంటివి. షాక్ మార్చారు అనేది ఆ జాబితాలో లేదు. ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని ట్రిబ్యునళ్లు కంపెనీలను ఆదేశించడమూ మామూలే. అయితే వ్యవస్థీకృత రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ ఆ జాబితాలో ఉన్నాయి. కొత్త షాక్ ఎలా ఉందో చూద్దామని ట్రాక్ మీదకి తీసుకెళ్లాలనుకుంటే మీ మామూలు పాలసీ వెంట రాదనుకునే వెళ్లండి.

మీ బండికి జరిగిన సొంత నష్టం సంగతి వేరు. అక్కడ పాలసీ కాగితంలో రాసిందే చెల్లుతుంది. బండిని మంచి కండిషన్‌లో ఉంచాలన్న షరతు దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది, మార్పుల గురించి చెప్పలేదని నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ రాయవచ్చు. అందుకని షాక్ వేయించిన వెంటనే కంపెనీకి ఒక ఈమెయిల్ పంపండి. పాత పార్టు దొరకనందున అదే కొలతల షాక్ వేయించానని, పాలసీలో నమోదు చేయమని రెండు వాక్యాలు రాసి, బిల్లు జతచేయండి. వాళ్లు బదులివ్వకపోయినా మీరు దాచలేదనడానికి అది సాక్ష్యం. షాక్ విలువ కూడా క్లెయిములో రావాలంటే దాన్ని యాక్సెసరీగా ఐడీవీలో (పాలసీలో రాసే బండి బీమా విలువలో) చేర్పించుకోవాలి. టూ వీలర్ పాలసీల్లో ఇంకో మెలిక ఉంటుంది. బండి పోకుండా యాక్సెసరీ ఒక్కటే దొంగతనమైతే సాధారణంగా డబ్బు రాదు.

క్లెయిము తిరస్కరించినా అంతటితో అయిపోదు. పాలసీ షరతు ఉల్లంఘన జరిగినా మొత్తం క్లెయిము కొట్టేయనక్కర్లేదని, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో (కొంత కోత పెట్టి) 75 శాతం వరకు ఇవ్వవచ్చని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. తిరస్కరణ లేఖ అందిన ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి, రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు.

కొనేటప్పుడు ఒక్క పని తప్పకుండా చేయండి. ఆర్డర్ పెట్టే ముందు అమ్మేవాళ్లకు మీ బండి మోడల్, తయారీ సంవత్సరం, మీ బరువు రాసి, ఈ షాక్ ఎలాంటి కోతా గ్రైండింగూ లేకుండా పడుతుందా అని అడగండి. పాత షాక్‌కి పైన బోల్టు మధ్య నుంచి కింద బోల్టు మధ్యకు కొలిచి ఆ సంఖ్య కూడా పంపండి. ఇది జాగ్రత్త కోసమే కాదు, చట్టం కోసం కూడా. మీ అవసరం ఏమిటో చెప్పి, అమ్మకందారు నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలని వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 అంటుంది. ఏమీ చెప్పకుండా బ్రాండు పేరు చూసి మీరే ఎంచుకుంటే ఆ రక్షణ చాలావరకు పోతుంది. షాక్ లోపభూయిష్టమై మీకు గాయమైతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఉత్పత్తి బాధ్యత కేసు వేయవచ్చు. మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, అమ్మకందారు ఊరికి తిరగనక్కర్లేదు. కానీ ప్రమాద సమయానికి వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా అమ్మకందారు మీద ఆ దావా నడవదని సెక్షన్ 87 చెబుతుంది. పడని షాక్‌ను అరగదీసి ఇరికిస్తే ఆ దారి మీరే మూసుకున్నట్టు. ఆ చాట్‌ను, మెయిల్‌ను ఫోన్‌లోంచి చెరపకండి. కోర్టులో చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి, ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు.

మెకానిక్‌తో కూడా బిల్లు రాయించుకోండి. దాని మీద షాక్ పార్ట్ నంబరు, కిలోమీటర్ల రీడింగు, ఫ్రేమ్‌లో ఏ మార్పూ చేయలేదన్న మాట ఉండాలి. గ్యాస్ నింపిన రిజర్వాయర్ షాక్ అయితే విప్పి చూడనివ్వకండి, లోపల నైట్రోజన్ ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది. పాత షాక్‌ను ఇప్పుడే పారేయకండి.

అది మీకు వచ్చే ఏడాది అక్కరకొస్తుంది. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫారం 25 ఇవ్వాలి, గడువుకు 60 రోజుల ముందు నుంచి ఇవ్వవచ్చు, ఆ సందర్భంలో బండిని తనిఖీ చేస్తారు. అధికారి కొత్త షాక్ చూసి ప్రశ్నిస్తే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి కొలతలు ఒకటేనని చూపించండి, బిల్లులు ఇవ్వండి. అయినా కుదరదంటే వాదనకు దిగకుండా కారణాలతో రాతపూర్వకంగా ఉత్తర్వు ఇమ్మని అడగండి. అది అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు సెక్షన్ 57 కింద అప్పీలు చేసుకోవచ్చు.