ఈనిన గేదె లేవడం లేదా? అది జ్వరం కాదు

ప్రశ్న: మా ముర్రా గేదె నాలుగో ఈత. ఈని రెండు రోజులైంది. నిన్న సాయంత్రం నుంచి లేవడం లేదు. మెడ డొక్క వైపు తిప్పి పడుకుంది, పేడ వేయలేదు, చెవులు చల్లగా ఉన్నాయి. చలిజ్వరమని మందుల షాపతను ఇంజెక్షన్ ఇస్తే వేయించాం. చూడి ఆఖరి రెండు నెలలూ రోజూ కాల్షియం టానిక్ తాగించాం. అయినా ఎందుకిలా?
– ఓ రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: చెవులు చల్లగా ఉన్నాయని మీరే రాశారు, ఇక జ్వరమెక్కడిది? దీన్ని పాలజ్వరం అంటారు గానీ ఒళ్లు కాలదు. థర్మామీటరు పెడితే మామూలుగా ఉండే 101 డిగ్రీల కన్నా తక్కువే చూపిస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోయింది. ముందు 1962కి (పశువుల అంబులెన్సు) ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

డాక్టరు వచ్చేలోగా గేదె పక్కకు ఒరిగిపోకుండా రెండు వైపులా గడ్డిమోపులు ఆనించండి. నోట్లో ఏమీ పోయొద్దు. మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 25 శాతం కాల్షియం బోరోగ్లూకోనేట్ 450 మి.లీ. సీసాను గోరువెచ్చగా చేసి, గుండె చప్పుడు వింటూ, 15–20 నిమిషాలకు తగ్గకుండా నరానికి ఎక్కించాలి. కండరం ముడుచుకోవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా కాల్షియం అయాన్లే కావాలి. తగ్గితే గేదె పడిపోతుంది, ఒక్కసారిగా ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. ఊళ్లో సూదులు వేసేవాళ్లతో ఈ పని వద్దు. సరిగ్గా ఎక్కిస్తే త్రేన్చి, పేడ వేసి, చాలా గేదెలు కాసేపటికే లేస్తాయి. 24 గంటల్లో మళ్లీ పడిపోవచ్చు, కనిపెట్టి ఉండండి. రెండు మూడు రోజులు పొదుగు పూర్తిగా పిండొద్దు.

ఇక మీ టానిక్ సంగతి. లీటరు జున్నుపాలలో సుమారు రెండు గ్రాముల కాల్షియం పోతుంది. గేదె రక్తం మొత్తంలో తిరిగేది నాలుగు గ్రాములు దాటదు. పది లీటర్లు పిండితే ఆ లోటు ప్రధానంగా ఎముకల్లోంచే పూడాలి. చూడి ఆఖర్లో కాల్షియం దండిగా అందుతుంటే ఎముకల్లోంచి తీసే హార్మోను బద్ధకిస్తుంది. ఈనిన రోజు అవసరం పడితే ఆ హార్మోను వెంటనే మేల్కోదు, తేరుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మీ గేదె పడింది సరిగ్గా ఆ రోజుల్లోనే. సీసా అమ్ముడైతే చాలనుకునే షాపతను ఇదంతా ఎందుకు చెప్తాడు?

వచ్చే ఈతకు ఆఖరి మూడు వారాలు టానిక్ ఆపండి, కాల్షియం ఎక్కువుండే లూసర్న్ పచ్చిమేత తగ్గించి చొప్ప, వరిగడ్డి పెంచండి. దాణాలో మెగ్నీషియం ఉండేలా డాక్టరునడిగి చూసుకోండి, అది లేకపోతే ఆ హార్మోను సరిగా పనిచేయదు. ఈనిన రోజున కాల్షియం జెల్, ఆ తర్వాత మినరల్ మిక్చర్ రోజుకు 50 గ్రాములు ఇవ్వండి. ఈలోగా మూత్రం కాఫీ రంగులో వస్తే అది భాస్వరం లోటు కావచ్చు. దానికి కాల్షియం సీసా పనిచేయదు, డాక్టరుకు ఆ మాట విడిగా చెప్పండి.