మా గేమింగ్ బృందంలో ఒకరి పేరుతో వైరస్ మెయిళ్లు వస్తున్నాయి. అతన్ని తీసేయాలా?

తీసేయకండి. కనీసం ఇప్పుడే తీసేయకండి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. రాత్రిపూట కలిసి ఆడుకునే నలభై మంది బృందం మీది. మండపేట కుర్రవాడి పేరుతో అందరికీ ‘టోర్నమెంట్ షెడ్యూల్’ అంటూ జిప్ ఫైలు వస్తోంది, దాని పాస్‌వర్డ్ కూడా మెయిల్లోనే ఉంటోంది. తెరిచిన ఇద్దరి గేమ్ ఖాతాలు చేజారిపోయాయి. తనకేమీ తెలియదని అతను మొత్తుకుంటున్నాడు, సగం మంది నమ్మడం లేదు. నేను నమ్ముతాను. మెయిల్ మీద కనిపించే పేరు ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం. పోస్టుకార్డు చివర ‘ఇట్లు’ అని రాసి ఎవరి పేరైనా పెట్టవచ్చు, పోస్టుమాన్ అడగడు. మెయిల్ వ్యవస్థను మొదట కట్టినప్పుడు అదీ అలాగే ఉండేది. తరువాత పెట్టిన తనిఖీలున్నాయి, వాటి సంగతి కింద చెబుతాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2002లో నర్సాపురంలో నాకు నెట్ సెంటర్ ఉండేది. కోనేరు హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన సంవత్సరం అది, మా వైపు చదరంగం మీద మోజు బాగా పెరిగిన రోజులు. భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం ఆటగాళ్లం కొందరం మెయిల్ ద్వారా పోటీ నడుపుకునేవాళ్లం. ఒక ఎత్తు రాసి పంపాలి, మూడు రోజుల్లో అవతలివారు జవాబు ఎత్తు పంపాలి, గడువు దాటితే ఆట ఓడినట్టే. ఇప్పటి వేగం అలవాటైన మీకు నవ్వు రావచ్చు గానీ, ఆ మూడు రోజుల గడువు మీద మేం పడ్డ తగాదాలు మీ తగాదాలకు ఏమీ తీసిపోవు.

ఆ ఏప్రిల్‌లో క్లెజ్ అనే వర్మ్ (తనంతట తానే పాకే వైరస్) కొత్త రూపం ప్రపంచమంతా పాకింది. సోకిన కంప్యూటర్లోని అడ్రస్ బుక్‌నీ, డిస్కులో ఉన్న ఫైళ్లనీ గాలించి మెయిల్ చిరునామాలు ఏరుకునేది. వాటిలో ఒకదాన్ని పంపినవారిగా, మరొకదాన్ని అందుకునేవారిగా పెట్టి తనను తాను పంపుకునేది. ఒక్కో మెయిల్ వంద కేబీ దాటేది. హాట్‌మెయిల్ అప్పట్లో ఇచ్చే చోటు మొత్తం 2 ఎంబీ. అలాంటివి పదిహేను ఇరవై వచ్చాయంటే పెట్టె నిండిపోయి, అసలు ఎత్తు ఉన్న మెయిల్ వెనక్కి తిరిగిపోయేది. గడువులు దాటాయి. గెలిచామని ఒకరు, మెయిల్ అందలేదని ఇంకొకరు. పోటీ మొత్తం అడ్డం తిరిగింది.

దీనికి తోడు ఆనాటి యాంటీ వైరస్‌ల అతితెలివి ఒకటి. వైరస్ పట్టుబడగానే, పంపినట్టు పేరున్న చిరునామాకు ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది’ అని వాటంతట అవే జవాబు పంపేవి. పంపినట్టు కనిపించే పేరే దొంగది కదా! ఏ పాపం ఎరుగనివాళ్లకు నేరపత్రాలు అందాయి.

మా వాళ్ల అనుమానమంతా ఒక కుర్రవాడి మీద పడింది. గోదావరి అవతల సఖినేటిపల్లి అతనిది. రోజూ పంటు మీద, అంటే నది దాటించే పడవ మీద, నర్సాపురం వచ్చి కంప్యూటర్ కోర్సు చదివేవాడు, సాయంత్రం నా సెంటర్లోనే కూర్చుని ఎత్తులు పంపేవాడు. క్లెజ్ పంపే మెయిళ్లలో ఒక రకానికి ‘ఒక ప్రత్యేకమైన కొత్త గేమ్’ అనే అర్థం వచ్చే శీర్షిక ఉండేది. లోపల ఇంగ్లీషులో, ఈ గేమ్ నా మొదటి పని, మీరే మొదటి ఆటగాడు, మీకు నచ్చుతుందనుకుంటున్నాను అని. అది ప్రపంచంలో లక్షల మందికి అదే మాటలతో వెళ్లింది. మా పోటీలో మాత్రం ఆ కుర్రవాడి పేరుతో వచ్చింది. కంప్యూటర్ కోర్సు చదివేవాడు ‘నా మొదటి పని’ అంటే ఎవరికి అనుమానం రాదు? పైగా అప్పటికి రెండు ఆటల్లో ఓడిపోయే స్థితిలో ఉన్నాడు. ఆట చెడగొట్టడానికే పంపుతున్నాడని భీమవరంలో ఒక పెద్దమనిషి తేల్చేశాడు. ఆ పిల్లవాడు సెంటర్‌కు రావడమే మానేశాడు.

నేను చేసింది పెద్ద విద్యేమీ కాదు. మెయిల్ పూర్తి హెడర్ తెరిచి చూశాను. ప్రతి మెయిల్ వెనకా, అది ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కు ఎప్పుడు చేరిందో చెప్పే ‘రిసీవ్డ్’ వరుసలు ఉంటాయి. మన మెయిల్ సంస్థ సర్వర్ వేసిన పై వరుసను నమ్మవచ్చు, కిందివాటిని పంపినవాడు కల్పించి ఉండవచ్చు. మాకు వచ్చినవాటిలో వేళ ఉదయం 10:40 అని ఉంది. ‘చూశారా, కాలేజీ వేళ’ అన్నారు మావాళ్లు. ఆ అంకె పక్కనే ‘మైనస్ 0700’ అని ఉన్నది ఎవరూ పట్టించుకోలేదు. అది అమెరికా పడమటి తీరపు వేసవి వేళ. మన వేళకు మార్చాలంటే పన్నెండున్నర గంటలు కలపాలి, అంటే రాత్రి 11:10. ఆ వేళకు నా సెంటర్ షట్టర్ దించి ఉంటుంది, రేవులో పంటు కూడా ఆగిపోయి ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లవాడు గోదావరి అవతల కూర్చుని దేనితో పంపుతాడు?

నెట్‌లో ఉన్న కంప్యూటర్‌కు ఇచ్చే నంబరు, అంటే ఐపీ చిరునామా వల్ల మాత్రం పెద్దగా తెలిసిందేమీ లేదు. ఫోన్ లైను మీద నడిచే డయలప్ కనెక్షన్‌కు ఫోన్ కలిపినప్పుడల్లా కొత్తది ఇస్తారు, మా అందరిదీ అదే డయలప్.

అసలు ఆచూకీ వేరే దారిలో దొరికింది. వైరస్ మెయిళ్ల మీద ఉన్న దొంగ పేర్లన్నీ ఒక కాగితం మీద రాశాను. చాలావరకు మా ఆటగాళ్లవే. కానీ ఆకివీడులో రొయ్యల మేత అమ్మే డీలర్ చిరునామా ఒకటి, అమెరికాలో ఉన్న ఎవరో బంధువుది ఒకటి మధ్యలో ఉన్నాయి. చదరంగంతో వాళ్లకేం పని? ఆటగాళ్లూ, మేత డీలరూ, ఆ బంధువూ అందరి చిరునామాలూ ఒకేచోట ఉండే కంప్యూటర్ ఎవరిదో తెలిస్తే సోకిన యంత్రం అదే. మేత డీలరుతో పని ఉండేది రొయ్యల చెరువులున్నవాళ్లకే కాబట్టి వాళ్లను అడుగుతూ పోతే ఉండిలో మా పోటీ లెక్కలు చూసే ఆయన తేలారు. ఫలితాల పట్టికలు రాసేది ఆయనే కాబట్టి అందరి చిరునామాలూ ఆయన దగ్గరే ఉండేవి. చిత్రమేమిటంటే, అన్ని వైరస్ మెయిళ్లలో ఒక్కటి కూడా ఆయన పేరుతో రాలేదు.

తొలగించే సాధనం ఫ్లాపీలో వేసుకుని, దాని మూల ఉన్న చిన్న మీటను జరిపి, అంటే మళ్లీ అందులో ఏమీ రాయడానికి వీలు లేకుండా చేసుకుని బస్సెక్కాను. ముందు ఫోన్ వైరు పీకించాను. స్క్రీన్ మూల ఉండాల్సిన యాంటీ వైరస్ గుర్తే కనిపించలేదు, ఎందుకంటే క్లెజ్ మొదట చేసే పనుల్లో యాంటీ వైరస్‌ను ఆపేయడం ఒకటి. విండోస్‌ను అత్యవసరమైన వాటితో మాత్రమే నడిపే సేఫ్ మోడ్‌లో శుభ్రం చేసి, కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీ నుంచి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఎక్కించాను. పాపం ఆయన ఏ అటాచ్‌మెంటూ తెరవలేదు. పాత ఎక్స్‌ప్లోరర్‌లోని లోపం వల్ల మెయిల్‌ను ప్రివ్యూలో చూసినా క్లెజ్ నడిచేది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ 2001 మార్చిలోనే సవరణ ఇచ్చింది, ఊళ్లలో దాన్ని దించుకున్నవాళ్లు అరుదు. కాబట్టి ఆయన్నీ తప్పు పట్టడానికి లేదు.

మెయిళ్లు ఆగాయి. భీమవరం పెద్దమనిషి మాత్రం ఆ కుర్రవాడికి క్షమాపణ చెప్పలేదు. ఇలాంటివాళ్లు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు, మీ దాంట్లో ఎవరో మీకే తెలిసి ఉంటుంది.

ఇప్పుడు మీ సంగతి. ముందు మండపేట అబ్బాయికి ఫోన్ చేయండి, గ్రూపులో అడగకండి. పదిమందిలో నిలదీస్తే, నిజంగా వైరస్ సోకినవాళ్లు ఎవరైనా ఉన్నా నోరు మెదపరు.

తరువాత ఆ మెయిల్‌ను కంప్యూటర్లో జీమెయిల్లో తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. జిప్‌ను ముట్టుకోవద్దు. మొదట పేరు వెనకున్న అసలు చిరునామా చూడండి. పేరు అతనిదై, చిరునామా ఎక్కడో ఊరూపేరూ లేనిదైతే అతని ఖాతాతో దీనికి సంబంధమే లేదు. చిరునామా కూడా అతనిదే అయితే అక్కడ, పంపిన చిరునామా అసలుదా దొంగదా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీల ఫలితాలు కనిపిస్తాయి. నేను పైన చెప్పిన తరువాతి తనిఖీలు ఇవే. డీమార్క్ ‘ఫెయిల్’ అని ఉంటే దాదాపుగా పేరు దొంగిలించారని అర్థం. అన్నీ ‘పాస్’ అయితే మెయిల్ నిజంగా అతని ఖాతా నుంచే వచ్చింది, అంటే ఖాతా మరొకరి చేతిలో ఉంది. అప్పుడు కూడా బాధితుడు అతనే.

మెయిల్ కింద మీ పాత సంభాషణ అచ్చంగా ఉందని కూడా రాశారు. దాన్ని చూసి బెదరకండి. ఎమోటెట్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఇదే పని చేసేది. 2021 జనవరిలో పలు దేశాల పోలీసులు కలిసి దాన్ని మూయించారు, అదే ఏడు నవంబర్‌లో మళ్లీ లేచింది. సోకిన ఒక కంప్యూటర్ నుంచి పాత సంభాషణలు ఎత్తుకుపోయి, వాటికి జవాబు రాసినట్టు వేరే చోటి నుంచి పంపేది. ఆ సంభాషణలో ఉన్నవాళ్లలో ఎవరిదో ఒకరి యంత్రం సోకిందని మాత్రమే తేలుతుంది. నా కాగితం పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఎవరెవరికి వచ్చాయి, ఎవరి పేర్లతో వచ్చాయి, ఏ పాత మెయిల్ తోకగా వచ్చింది అని రాసుకోండి. అవన్నీ కలిసే చోటు చూడండి.

జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేది భద్రత కోసం కాదు, మెయిల్ సంస్థల తనిఖీ లోపలికి చూడలేకుండా చేయడానికి. 2004లో బేగల్ అనే వర్మ్ కూడా ఇదే ఎత్తు వేసింది. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్లో రాసి పంపిన ఫైలు ఏదైనా సరే, ఎవరి పేరుతో వచ్చినా సరే, మీ బృందంలో తెరవకూడదని కట్టుబాటు పెట్టండి.

తెరిచిన ఇద్దరి విషయమే నాకు ఎక్కువ దిగులు. ఈ రోజుల్లో ఇలాంటి జిప్‌లలో ఎక్కువగా ఉండేది దొంగ ప్రోగ్రామ్. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డ్‌లతో పాటు, లాగిన్ అయి ఉన్నట్టు గుర్తుపెట్టుకునే కుకీలను కూడా పట్టుకుపోతుంది. కుకీ చేతిలో ఉంటే రెండో దశ ఓటీపీ అడగకుండానే లోపలికి పోవచ్చు. అందుకే ఆ కంప్యూటర్‌ను నెట్ నుంచి తీసేసి, వేరే పరికరం నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్, తరువాత గేమ్ ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చి, ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ నొక్కమనండి. మెయిల్ సెట్టింగ్స్‌లో తెలియని ఫార్వర్డింగ్ చిరునామాలు, ఫిల్టర్లు ఉన్నాయేమో కూడా చూడాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆ తరువాత విండోస్‌ను మొదటి నుంచి మళ్లీ ఎక్కించుకోవడమే మేలు. గేములు మళ్లీ దించుకోవచ్చు. ఇష్టం లేదంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్లో ఉచిత సాధనాలు ఉన్నాయి, వాటితో శుభ్రం చేసి చూడవచ్చు. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

బృందానికి పెట్టే ప్రకటనలో ఎవరి పేరూ వద్దు. ఇలా పెట్టండి: ‘మన ఆటగాళ్ల పేర్లతో దొంగ మెయిళ్లు వస్తున్నాయి. ఆ పేర్లున్నవారు పంపినవి కావు. షెడ్యూల్‌ను ఇకపై ఫైలుగా పంపం. తెరిచినవారు ఉంటే నాకు ఒక్కడికే చెప్పండి, సాయం చేస్తాం.’

ఇంకో మాట. మీరు నలభై మందికీ ఒకే మెయిల్లో, అందరి చిరునామాలు అందరికీ కనిపించేలా షెడ్యూల్ పంపుతున్నారని మీ ప్రశ్నలోనే ఉంది. అలా పంపినప్పుడల్లా నలభై కంప్యూటర్లలో నలభై చిరునామాల జాబితా చేరుతుంది, వాటిలో ఒక్కటి సోకినా చాలు. బీసీసీ వాడండి, అందులో పెట్టిన చిరునామాలు మిగతావారికి కనిపించవు. ఉండి ఆయనకు కూడా శుభ్రం చేసిన రోజునే ఇది చెప్పి వచ్చాను. అప్పటి నుంచి పట్టికలు అలాగే పంపారు, ఎత్తులు కూడా అటాచ్‌మెంట్ లేకుండా మెయిల్లోనే మామూలు అక్షరాల్లో రాయాలని నియమం పెట్టారు.

హెడర్ చూసి ఏమీ అర్థం కాకపోతే చిరునామాలూ పేర్లూ చెరిపేసి ఇక్కడే కింద పెట్టండి. వేళలు మాత్రం చెరపవద్దు, వాటి పక్కనున్న ప్లస్, మైనస్ అంకెలు అసలే చెరపవద్దు.